బిడ్డ కూర్చున్న పడవ

ఎలీయాజరు చేసిన మడత పడవ అమ్ముడుపోవాలంటే ముందు అందులో ఎలీయాజరు ఇంటి బిడ్డ కూర్చోవాలి. ఏలూరు కాలవగట్టు మీద ఈ ఆచారం తెలియనివాళ్ళు లేరు. కొనడానికి వచ్చినవాడు పడవని తట్టి చూడక్కర్లేదు, నొక్కి చూడక్కర్లేదు. పెద్దాయనే సంచి విప్పి, అల్యూమినియం గొట్టాలు ఒకదానిలో ఒకటి దూర్చి, పేము బద్దలు వంచి, రబ్బరు పూత వేసిన కేన్వాసు తొడుగు బిగలాగి కాలవలోకి దింపేవాడు. కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసేవాడు. తర్వాత బిడ్డని తెచ్చి ముందువైపు కూర్చోబెట్టి, తాను వెనక చేరి తెడ్డు వేసేవాడు. అవతలి గట్టు తాకి తిరిగొచ్చాక పడవ అడుగున తువ్వాలు అద్ది చూపించేవాడు. తువ్వాలు పొడిగా ఉంటే బేరం అయిపోయినట్టే.

ఈ పద్ధతి ఒక ఎగతాళిలోంచి పుట్టింది. మిషన్ కాంపౌండులో ఒక దొర వదిలేసి వెళ్ళిన మడత పడవని బాగుచేస్తూ ఎలీయాజరు ఈ పని నేర్చుకున్నాడు. సొంతంగా చేసిన మొదటి పడవని చూసి ఒక ఆసామి నవ్వాడట. "గుడ్డ పడవా? నీ కొడుకుని కూర్చోబెడతావేంటయ్యా ఇందులో?" అన్నాడట. ఎలీయాజరు ఇంట్లోకెళ్ళి, నిద్రపోతున్న కొడుకు ఆనంద్ పాల్‌ని భుజాన వేసుకొచ్చి కూర్చోబెట్టాడట. ఆ రోజు నుంచీ ఎలీయాజరు పడవ అంటే నమ్మకం. చేపల చెరువుల వాళ్ళు సైకిలు క్యారేజీకి కట్టుకుని ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి పట్టుకుపోయేవారు. బస్సు టాపు మీద వేసుకుని ఊళ్ళు తిప్పేవారు.

ఇప్పుడా ఆనంద్ పాల్ పెళ్ళాం బిడ్డలు గలవాడు. పడవలో కూర్చునే వంతు అతని కూతురు సిల్వియాకి వచ్చింది. సిల్వియాకి ఇంకా మాటలు సరిగ్గా రాలేదు. పడవ ఎక్కడం మాత్రం ఇష్టం.

స్టెల్లాకి ఇష్టం లేదు. స్టెల్లా సిల్వియా తల్లి. పుట్టిల్లు తాడేపల్లిగూడెం. ఆమె తండ్రి అక్కడ రైసుమిల్లుల టార్పాలిన్లు కుట్టేవాడు. ఆయన చూపు తగ్గిపోతే తొమ్మిదో తరగతిలో బడి మాన్పించి సూది స్టెల్లా చేతికిచ్చారు. కేన్వాసు కోసం ఆ ఊరు వచ్చిన ఎలీయాజరు ఆ కుట్టు చూసి, ఎవరిదని అడిగి, కోడల్ని చేసుకున్నాడు. ఇప్పుడు పడవ తొడుగులన్నీ స్టెల్లాయే కుడుతుంది. కుట్టు మీద రబ్బరు పట్టీ పెట్టి, సైకిలు ట్యూబులకి వాడే సొల్యూషన్‌తో అతికించేది మావగారు.

పడవ పరీక్ష జరిగినప్పుడల్లా ఆమె గట్టు మీద నిలబడి చూసేది. ఆ కాసేపూ పక్కన ఎవరేం మాట్లాడినా వినపడేది కాదు.

"నీ కుట్టేగా అమ్మా, నీ కుట్టు మీద నీకు నమ్మకం లేదా?" అని ఒకసారి ఎలీయాజరు నవ్వుతూ అడిగాడు.

"కుట్టు మీద ఉంది మావయ్యగారూ. నీళ్ళ మీదే లేదు."

"నీళ్ళని నమ్మమని ఎవరన్నారు? పడవని నమ్ము" అన్నాడాయన.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం వాళ్ళు కొట్టించేశాక లంకల్లో వాళ్ళకి మళ్ళీ పాత వేటే దిక్కయింది. నీళ్ళు మునుపటిలా పరుచుకున్నాయి. చెరువుల్లో కూలికెళ్ళే మగాళ్ళు వలలు దులిపి బయటికి తీశారు. తాటిదోనెలు పుచ్చిపోయి ఉన్నాయి. కొత్త దోనె తొలిపించాలంటే తాటిచెట్టు కావాలి, తొలిచేవాడు కావాలి. అందుకని కొందరు ఎలీయాజరు దగ్గరికి వచ్చారు. అంతవరకు ఆయన పడవలు చెరువుల్లో మేత చల్లడానికే వెళ్ళేవి. ఆ ఏడాది మొదటిసారి లంకల్లోకి, నడి కొల్లేట్లోకి వెళ్ళాయి.

అలా కొన్నవాళ్ళలో పందిరిలంక యేసుదాసు ఒకడు. భార్య సుగుణని కూడా తీసుకొచ్చాడు. సిల్వియా పడవలో అటూ ఇటూ తిరిగొస్తుంటే సుగుణ స్టెల్లా చెయ్యి పట్టుకుని నిలబడింది. "నీ చెయ్యేంటమ్మా ఇలా చల్లబడిపోయింది?" అంది. "మీ పాపని పెట్టి మరీ చూపిస్తున్నారు, మాకింకేం కావాలి" అని కూడా అంది. ఎలీయాజరు అందరికీ చెప్పినట్టే వాళ్ళకీ చెప్పాడు. నీళ్ళలోంచి తీశాక కడగాలి, నీడన ఆరబెట్టాలి, తడి మీద మడవకూడదు. వాళ్ళు తలాడించి, పడవ నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయారు.

వానలు పట్టుకున్నాక ఒక పొద్దున కబురొచ్చింది. యేసుదాసు పడవ నడి కొల్లేట్లో మునిగిపోయింది. ఈత వచ్చినవాడే, కానీ గుర్రపుడెక్కలో కాళ్ళు చిక్కుకున్నాయి, పైన వల చుట్టుకుంది, ఇంక పైకి రాలేదు.

కబురు చెప్పినవాడు గుమ్మంలోనే నిలబడి, "పడవ అతుకులు ఊడిపోయాయంటండి" అన్నాడు.

ఎలీయాజరు చేతిలో పేము బద్ద ఉంది. దాన్ని కింద పెట్టలేదు. స్టెల్లా పాపకి అన్నం పెడుతోంది. ఆ ముద్ద పాప నోట్లో పెట్టి, ఇంకో ముద్ద కలిపింది. ఏడుపు రాలేదు. తన కుట్టే ఊడిందేమో అనుకుంది. అలా అనుకున్నా లోపల ఏమీ కదల్లేదు.

మావా కోడళ్ళు కలిసి లంకకి పలకరింపుకి వెళ్ళారు. పాపని ఆనంద్ పాల్ దగ్గర వదిలారు. సుగుణ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉంది. జనం వాళ్ళిద్దర్నీ చూసి పక్కకి జరిగారు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించేంత మర్యాదగా కుర్చీ వేశారు.

సుగుణే లేచి వచ్చి, "అదుగోనండి, అక్కడ పెట్టారు. చూస్తారా?" అని దడి పక్కన పడేసిన పడవ తొడుగు చూపించింది.

ఎలీయాజరు గొంతుకూర్చుని తొడుగు తిప్పాడు. అడుగంతా నల్లగా ఉంది. వేలితో గీరి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. స్టెల్లా కూడా వంగి చూసింది. తన కుట్టు కుట్టులాగే ఉంది, ఒక్క పోగు తెగలేదు. దాని మీద రబ్బరు పట్టీ మాత్రం జిగురు జిగురుగా కరిగి, వేలు పెడితే పక్కకి జారిపోతోంది. నీళ్ళు కుట్టు కన్నాల్లోంచి వచ్చేశాయి.

"మేం బాగానే చూసుకున్నామండి" అంది సుగుణ వెనక నుంచి. "మృగశిర ముందు నేనే తారు పూశాను. మా అత్తగారు దోనెకి ఏటా పూసేవారు గదండి, అలాగే. ఈయనకి తీరిక లేదంటే నేనే కాచి, పల్చబడడానికి కిరసనాయిలు కలిపి, ఎక్కడా ఖాళీ లేకుండా పూశాను. అతుకుల మీదైతే మరీ దట్టంగా పూశానండి. అయినా ఇలాగైంది."

ఎలీయాజరు తల తిప్పలేదు. తొడుగు మెల్లగా మడతపెట్టాడు. అలవాటు కొద్దీ మూలలు సరిచేశాడు కూడా.

"నా సొల్యూషన్ చెడ్డది వచ్చినట్టుందమ్మా" అన్నాడు. "నాదే తప్పు. నన్ను క్షమించు."

బస్సులో వెనక్కి వచ్చేటప్పుడు, కిటికీలోంచి చూస్తూనే ఆయన అన్నాడు. "తారు సంగతి ఎక్కడా అనకు. మన ఇంట్లో కూడా."

"కిరసనాయిలు తగిలితే సొల్యూషన్ ఉంటుందా మావయ్యగారూ? సైకిలు షాపులో పిల్లలకి కూడా తెలుసు కదండి."

"నాకూ తెలుసు. ఆ పిల్లకి తెలిస్తే ఏం చేస్తుందో అది కూడా తెలుసు. దట్టంగా పూశాను అంది, విన్నావుగా. ఆ మాట దాని నోట్లో అలాగే ఉండనీ."

తన పడవకి తారు పూస్తారన్న ఆలోచన ఆయనకి ఏనాడూ రాలేదు. ఎవరైనా గుడ్డకి తారు పూస్తారా? లంకల్లో వాళ్ళకేమో నీళ్ళలో తిరిగేది ఏదైనా సరే పడవే, పడవకి ఏడాదికోసారి తారు పడాల్సిందే. అందుకే ఈయన చెప్పలేదు, వాళ్ళు అడగలేదు.

ఆ తర్వాత గట్టు మీద మాట మారిపోయింది. "బిడ్డని పెట్టి నమ్మించాడు" అన్నారు. "కాలవలో తేలింది కొల్లేట్లో తేలొద్దూ" అన్నారు. ఉండి ఊళ్ళో పడవకి చెప్పినవాళ్ళు ఇప్పుడొద్దని కబురు పంపారు. చర్చిలో ఎలీయాజరు పక్కన బెంచీ మీద ఎప్పుడూ కూర్చునే పెద్దమనిషి, ఆ ఆదివారం గాలి రావట్లేదంటూ కిటికీ వైపు జరిగాడు.

ఎలీయాజరు లంకల్లో తన పడవలు కొన్న ఇళ్ళన్నీ తిరగడం మొదలుపెట్టాడు. "సొల్యూషన్ చెడ్డదండి, పడవలిచ్చేయండి, కొత్త పట్టీలు వేసి తెచ్చిస్తాను" అని అడిగాడు. ఒకరిద్దరు ఇచ్చారు. మిగతావాళ్ళు నవ్వారు. "వేట రోజుల్లో పడవ మీకిచ్చి మేం ఒడ్డున కూర్చోమంటారా? మీ అతుకుల సంగతి తెలిసిందిగా, మేమే ఇంకో పూత తారు వేసుకుంటాంలెండి" అన్నారు.

ఆ రోజు ఆయన ఇంటికొచ్చి ఈ మాట చెప్పి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. వంటింట్లో స్టెల్లా అలా నిలబడిపోయింది.

"విన్నారా?" అంది భర్తతో. "తారు వేసుకుంటారంట. ఈయన అతుకు మంచిది కాదన్నకొద్దీ వాళ్ళు దట్టంగా పూస్తారు. ఇంకొకరు పోతారు."

ఆనంద్ పాల్ గొట్టాలకి మైనం రాస్తున్నాడు. తారు సంగతి లంక నుంచి వచ్చిన రాత్రే స్టెల్లా అతనికి చెప్పేసింది. అతను నెమ్మదస్తుడు. తండ్రి మాట దాటి ఎరగడు. "నాన్న చెప్పొద్దన్నారు కదా."

"మరి ఆ ఇళ్ళలో పిల్లలు లేరా అండి?"

"ఉన్నారు. సుగుణకీ ఉన్నారు. వాళ్ళ నాన్నని అమ్మే ముంచేసిందని రేపు ఊళ్ళో ఎవరైనా వాళ్ళతో అంటే? నువ్వు చెప్తావా ఆ మాట? నా వల్ల కాదు స్టెల్లా."

పొయ్యి మీద పాలు పొంగి కింద పడ్డాయి. స్టెల్లా తుడిచింది. ఆ రోజుల్లో అన్నీ అలాగే జరిగాయి. అన్నం వండేది, సూది పట్టేది, పాపకి స్నానం చేయించేది. పాప తల మీద నీళ్ళు పోస్తూ పోస్తూ చెంబు గాల్లోనే పట్టుకుని ఉండిపోయేది. పాప "అమ్మా" అని నడుం గిల్లితే మళ్ళీ పోసేది. ఎక్కడో ఒక లంకలో ఎవరో తారు డబ్బా పొయ్యి మీద పెడుతున్నట్టు ఉండేది. భయమని కూడా అనిపించేది కాదు, చెయ్యి మీద తల పెట్టుకుని పడుకుంటే తిమ్మిరెక్కి ఆ చెయ్యి మనది కాదనిపిస్తుందే, అలా ఉండేది.

ఆ రోజుల్లోనే ఉండి నుంచి వెంకట్రాజు గారు వచ్చారు. చేపల చెరువుల ఆసామి. ఎలీయాజరు పడవలు చాలాకాలంగా వాడుతున్నవాడు. వస్తూనే గుమ్మంలో చెప్పులు విప్పి, "ఏవండీ ఎలీయాజరు గారూ, బతికే ఉన్నారా? మా వైపు మిమ్మల్నీ ముంచేశారండి" అన్నాడు.

"ఉన్నానండి రాజుగారూ. కూర్చోండి."

"నాకు పడవ కావాలండి. మా వాళ్ళు ఒద్దంటున్నారు. పాత పడవ ఇన్నేళ్ళు వాడాను, నాకేం కాలేదు, నేను కొంటానన్నాను. కొంటే మీ పేరు మళ్ళీ నిలబడుతుంది, అదీ తెలుసు. కానీ ఒక్క మాట. ఈ కాలవలో పరీక్ష నాకొద్దండి. మునిగిన కొల్లేట్లోనే తేలాలి. పందిరిలంక రేవులో, అందరూ చూస్తుండగా, మీ మనవరాలిని కూర్చోబెట్టండి. తువ్వాలు పొడిగా వస్తే మా వైపు మిగతావాళ్ళ సంగతి నేను చూసుకుంటాను."

ఎలీయాజరు కాసేపు చేతులు చూసుకున్నాడు. "సరేనండి" అన్నాడు.

స్టెల్లాని అడగలేదు. ఆమె తలుపు పక్కనే ఉంది. తనని అడగలేదన్న సంగతి కూడా ఆయన లేచి వెళ్ళాకే ఆమెకి తట్టింది.

ఒప్పుకున్న రోజున నలుగురూ బయల్దేరారు. పడవ సంచి బస్సు టాపు మీద, సిల్వియా స్టెల్లా ఒళ్ళో. ఆ ముందు రోజంతా స్టెల్లా పాపకి జలుబు చేస్తే బాగుండుననుకుంది. చెయ్యలేదు. పాప కిటికీలోంచి కొంగల్ని చూస్తూ చప్పట్లు కొడుతూనే ఉంది.

పందిరిలంక రేవులో గాలి గట్టిగా ఉంది. కాలవలో నీళ్ళు కదులుతాయంతే. ఇక్కడ లేస్తున్నాయి. వెంకట్రాజు గారు మోటారు సైకిలు మీద ముందే వచ్చి ఉన్నాడు. జనం చేరారు. సుగుణ కూడా వచ్చింది. చిక్కిపోయి ఉంది. నేరుగా స్టెల్లా దగ్గరికొచ్చి చేతులు చాపితే సిల్వియా కొత్తా పాతా లేకుండా ఆమె చంకలోకి దూకేసింది.

"పెద్దాయన్ని ఇంతమందిలో నిలబెట్టారేంటమ్మా పాపం" అంది సుగుణ. "ఆయన తప్పేం ఉంది. మా రాత అలా ఉంది."

ఆనంద్ పాల్ గొట్టాలు దూరుస్తున్నాడు. ఎలీయాజరు తొడుగు బిగలాగుతున్నాడు. స్టెల్లా ముక్కుకి ఏదో వాసన తగిలింది. తలెత్తి చూస్తే రేవు అవతల చింతమొద్దుల పొయ్యి మీద డబ్బా ఉడుకుతోంది. పక్కనే ఎలీయాజరు పడవ ఒకటి బోర్లా పడి ఉంది. లుంగీ ఎగ్గట్టిన జగ్గారావు అనే అతను కర్రకి గోనెగుడ్డ చుట్టుకుంటున్నాడు.

"ఏం జగ్గారావూ, ఇవాళ పెట్టుకున్నావేంటి పని?" అన్నారెవరో.

"రేపు వేటకి మా పెద్దోణ్ణి కూడా ఎక్కించుకుంటున్నాను గదా. ఎందుకైనా మంచిదని" అన్నాడు జగ్గారావు. "ఒక పూత చాల్లేదు మన యేసుదాసుకి. నేను రెండేస్తున్నా."

"అతుకుల మీద దట్టంగా వెయ్యి తమ్ముడూ" అంది సుగుణ, పాపని చంక మార్చుకుంటూ. "నేను వేశాను, కానీ ఇంకా వెయ్యాల్సిందేమో."

ఎలీయాజరు చేతులు ఆగాయి. స్టెల్లా ఆయన వైపు చూసింది. ఆయన చూడలేదు. వంగి, తొడుగు తాడు మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు. అప్పటికే బిగించిన తాడే.

పడవ నీళ్ళలోకి దిగింది. ఎగిరెగిరి పడుతోంది. ఆయన ప్రార్థన చేశాడు. ఈసారి కొంచెం ఎక్కువసేపు చేశాడు.

"ఇంక కానివ్వండి" అన్నాడు వెంకట్రాజు గారు. "ఒక్క సంగతి చెప్పండి ఎలీయాజరు గారూ. ఆ పడవ ఎందుకు ఊడిందో మీకు నిజంగా తెలియదా? కారణం ఇదీ అని చెప్పండి, పాపని ఎక్కించక్కర్లేదు. నాకూ మనవలున్నారు. చూడలేను."

"సొల్యూషన్ చెడ్డదండి" అన్నాడు ఎలీయాజరు.

"మరి ఇది మంచిదని ఎలా తెలుసు?"

ఎలీయాజరు నీళ్ళలో మోకాళ్ళ లోతున నిలబడి, పాప కోసం చేతులు చాపాడు. సుగుణ పాపని ఆయనకి అందించబోయింది.

స్టెల్లా మధ్యలోకి వచ్చి పాపని తీసుకుంది. ఆమె ఏమీ నిర్ణయించుకోలేదు. కాళ్ళు వచ్చాయి, చేతులు తీసుకున్నాయి. గొంతు కూడా ఇంకెవరిదో అన్నట్టు వచ్చింది.

"పాప ఎక్కదండి రాజుగారూ. సొల్యూషన్ మంచిదే, అప్పుడూ మంచిదే. తారు పూస్తే ఊడిపోతుందండి. తార్లో కిరసనాయిలు కలుపుతారు కదా, అది రబ్బర్ని తినేస్తుంది. ఏవండీ జగ్గారావు గారూ, మీకు దణ్ణం పెడతాను, ఆ డబ్బా దించెయ్యండి. రేపు మీ అబ్బాయిని ఎక్కించకండి."

జగ్గారావు కర్ర పట్టుకుని అలాగే ఉన్నాడు. జనం కూడా ముందు అతని వైపే చూశారు. తర్వాత ఒక్కొక్కరే సుగుణ వైపు తిరిగారు.

సుగుణ చేతులు ఇంకా పాపని ఎత్తుకున్నట్టే వంపుగా ఉన్నాయి.

"కిరసనాయిలా అమ్మా?" అంది. "తారు కాదా?"

"రెండూనండి. వేడి కూడా."

"ఓహో." ఏదో వంట గురించి అడిగినట్టు అడిగింది. "మరి అతుకుల మీద దట్టంగా పూస్తే?"

స్టెల్లా జవాబు చెప్పలేకపోయింది. చెప్పకపోయినా ఒకటే.

"ఓహో" అంది సుగుణ మళ్ళీ. కొంగు భుజం మీదికి లాక్కుని, ఇంటి దారి పట్టింది. ఎవరూ వెనక వెళ్ళలేదు. కాసేపటికి ఒక ముసలావిడ వెళ్ళింది.

జగ్గారావు డబ్బాని కాలితో తన్ని పొయ్యి మీంచి దొర్లించాడు. నల్లటి తారు ఇసకలోకి పాకింది. వెంకట్రాజు గారు, "అదన్నమాట సంగతి. పడవలో దోషం లేదు. నేను తీసుకెళ్తానండి" అన్నాడు. ఎలీయాజరు ఒక్కడే పడవెక్కి, తెడ్డు వేసుకుంటూ గాలికి ఎదురుగా వెళ్ళి, తిరిగొచ్చి తువ్వాలు అద్దాడు. పొడిగానే ఉంది. ఎవరూ చూడలేదు.

బస్సులో ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. ఏలూరులో దిగి నడుస్తుండగా అన్నాడు. "నా పేరు నిలబెట్టాననుకుంటున్నావా?"

"లేదండి."

"ఆ పిల్ల ఎదురుగానే చెప్పాలా?"

"ఇంకెప్పుడు చెప్పమంటారు మావయ్యగారూ? డబ్బా పొయ్యి మీదుంది కదండి."

ఆ రోజు నుంచి ఆయన అన్నం ఆమె పెడితే తినేవాడు, మంచినీళ్ళు మాత్రం తనే ముంచుకునేవాడు. ఉండి నుంచి మళ్ళీ పడవలకి చెప్పారు. స్టెల్లా కుట్టింది. పేరు తిరిగొచ్చిందని ఆనంద్ పాల్ ఒకసారి అనబోయి, ఇద్దరి మొహాలూ చూసి మానేశాడు. స్టెల్లాకి సంతోషమూ లేదు, పశ్చాత్తాపమూ లేదు. సుగుణ చేతులు అలా వంపుగా ఉండిపోవడం మాత్రం, సూది గుచ్చినప్పుడల్లా కనపడేది.

లంకల్లో మిగిలిన ఇళ్ళకి తారు సంగతి చెప్పిరమ్మని ఎలీయాజరు కొడుకుని పంపాడు. సాయంత్రానికి ఆనంద్ పాల్ తిరిగొచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"నేను చెప్పడానికేం లేదు నాన్నా. ఏ ఇంటికెళ్ళినా, సుగుణమ్మ వచ్చి చెప్పి వెళ్ళిందండి అంటున్నారు."

ఎలీయాజరు చేస్తున్న పని ఆపాడు. "ఏమని?"

"నేను పూశాను, మా ఆయన పోయాడు, మీరు పుయ్యకండి అని. పడవ ఉన్న ప్రతి ఇంటికీ వెళ్ళిందంట. పిల్లల్ని వాళ్ళ అమ్మమ్మ దగ్గర వదిలి."

"ఏడ్చిందా?" అంది స్టెల్లా.

"లేదంట. మంచినీళ్ళు అడిగి తాగి, పక్కింటికి వెళ్ళిందంట. అవతల లంక ఒక్కటే మిగిలింది. మగాళ్ళంతా వేటకి పోయి దోనె దొరక్క, రేవులో కూర్చుని ఉంది. రేపు కూడా వచ్చి కూర్చుంటానంది. నేను వెళ్ళి చెప్తాలెండి అంటే, ఒద్దు, నేనే చెప్పాలి అంది."

ఎలీయాజరు లేచి, ఉండికి వెళ్ళాల్సిన పడవ సంచి మోకాలితో నొక్కి తాడు ముడివేశాడు.

"పొద్దున్నే మొదటి బస్సు" అన్నాడు.

"నేనూ వస్తానండి" అంది స్టెల్లా. ఆయన రమ్మనలేదు, ఒద్దనలేదు.

మర్నాడు సుగుణ రేవులోనే ఉంది. పడవ బిగిస్తుంటే చూస్తూ నిలబడింది. ఇది గట్టిదేనా అని అడగలేదు. ఎలీయాజరు చెయ్యి అందిస్తే పట్టుకుని ఎక్కింది. స్టెల్లా ఆమె పక్కన ఇరుక్కుని కూర్చుంది. గుర్రపుడెక్క తప్పించుకుంటూ ముసలాయన మెల్లగా తెడ్డు వేశాడు. నీళ్ళు పడవ గుడ్డ కింద నుంచి కాళ్ళకి తగులుతున్నట్టే ఉంది, తడి మాత్రం లేదు. ఒక చోట సుగుణ నీళ్ళ వైపు చూసింది, అక్కడే అయి ఉంటుందని స్టెల్లా అనుకుంది. అడగలేదు.

అవతలి లంకలో పడవ ఒడ్డుకి తగలగానే సుగుణ దిగింది. చీర కుచ్చెళ్ళు దులుపుకుని, బోర్లా వేసిన పడవ కనపడిన మొదటి ఇంటి దడి దగ్గరికి నడిచింది. స్టెల్లా పడవ అంచు పట్టుకుని కూర్చుని వింది.

"ఏవండీ, ఇంట్లో ఎవరైనా ఉన్నారా అండి? నేను పందిరిలంక నుంచి వచ్చాను. యేసుదాసు భార్యనండి. ఒక మాట చెప్పి పోదామని."